పెద్దకోడలు చూసిన మందు

మొన్న ఆదివారం పొద్దున్న ఇడ్లీలు ఇంకా ఉడుకుతుండగానే, ముందురోజు జెర్సీ సిటీ నుంచి వచ్చిన మా అమ్మాయి తన హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న ప్లాస్టిక్ సీసా తీసి, అందులోంచి గొట్టం మాత్ర, అదే క్యాప్సూల్, ఒకటి అరచేతిలో వేసుకుని, నీళ్ళతో గుటుక్కున మింగి, ఏమీ జరగనట్టు మళ్ళీ ఫోన్ చూసుకుంటూ కూర్చుంది. సీసా మీది అక్షరాలు కళ్ళజోడు లేకుండా నాకు ఆనవు గానీ, ఆ గొట్టాన్ని చూస్తే చాలు అది ఏ మందో చెప్పగలను, ఎందుకంటే నా ఉద్యోగమంతా అలాంటి గొట్టాల్లో పోసే గుళికల మధ్యనే గడిచింది. ఎవరు చెప్పారే ఇది వేసుకోమని, అని అడిగాను.

"పిన్ని చెప్పింది అమ్మా. నాకు యాసిడ్ రిఫ్లక్స్ కదా, బ్రేక్‌ఫాస్ట్‌కి హాఫ్ అన్ అవర్ ముందు వేసుకో అంది. షీ నోస్ దిస్ స్టఫ్."

పిన్నికి ఇవన్నీ తెలుసట. పిన్ని అంటే మా తోడికోడలు, మా మరిది భార్య, దేశానికి ఆ చివర శాన్ రామన్‌లో ఉంటుంది, బడిపిల్లలకి లెక్కలు చెప్పి రిటైరయింది. కడుపులో యాసిడ్ తగ్గించే మందులకి తొడుగులు తొడుగుతూ తల నెరిసిన తల్లి ఎదురుగా కూర్చుని ఉండగా, నా కూతురు ఛాతీలో మంట గురించి మూడు గంటలు వెనక నడిచే ఊరికి ఫోన్ చేసి అడిగింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా? ఇడ్లీ మూత తీస్తుంటే ఆవిరి మొహాన కొట్టింది, నా మొహం ఎర్రబడింది దానివల్లేనని మా అమ్మాయి అనుకుని ఉంటుంది.

మీలో చాలామందికి తోడికోడళ్ళు ఉండే ఉంటారు కాబట్టి నేను దాచిపెట్టి చెప్పాల్సింది ఏమీ లేదు. ఆవిడంటే నాకు అసూయ. ఈనాటిది కాదు, ఇదే ప్లెయిన్స్‌బరోలో, ఒకే అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో, పార్కింగ్ స్థలానికి అటువైపు వాళ్ళూ ఇటువైపు మేమూ కాపురాలు పెట్టిన కొత్తల్లో మొదలైంది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత చెబుతారు. మా అత్తగారు నన్నెప్పుడూ పల్లెత్తు మాట అనలేదు, మా తోడికోడలు ఎప్పుడూ నవ్వనూ లేదు. అదే నా ప్రాణానికి వచ్చింది, ఎందుకంటే పోట్లాడదామంటే సందు దొరికేది కాదు.

నేను అప్పుడు దగ్గర్లోనే ఒక మందుల కంపెనీలో పనిచేసేదాన్ని. కడుపులో యాసిడ్ ఊరే చోటనే దాన్ని కట్టేసే మందులు అప్పటికి కొత్త, మా కంపెనీ కూడా అలాంటిదొకటి చేసింది. ఆ మందుతో ఒక చిక్కుంది. యాసిడ్‌ని అణచాల్సిన ఆ మందు తానే యాసిడ్‌లో పడితే చచ్చిపోతుంది. అందుకని దాన్ని ఆవగింజంత గుళికలుగా చేసి, ఒక్కొక్క గుళికకీ యాసిడ్ తగిలినా చెక్కుచెదరని పలచటి తొడుగు వేసి, ఆ గుళికలన్నీ గొట్టంలో పోస్తారు. కడుపు దాటి పేగుల్లోకి వెళ్ళాక గానీ ఆ తొడుగు కరగకూడదు. ఆ తొడుగు పనే నాది. గాజు పాత్రల్లో గోరువెచ్చటి యాసిడ్ పోసి, అందులో గుళికలు వేసి, సన్నటి తెడ్డు తిరుగుతూ ఉంటే ఏది పగిలిందో ఏది నిలిచిందో చూస్తూ నిలబడేదాన్ని. గాజు కడుపులు అనేదాన్ని వాటిని, మా ల్యాబ్‌లో తెల్లవాళ్ళు కూడా ఆ మాట అర్థం అడిగి తెలుసుకుని నవ్వుకునేవాళ్ళు. కడుపుతో ఉన్న నెలల్లో కూడా పొట్ట అడ్డం పడుతున్నా వాటి ముందు నిలబడే ఉండేదాన్ని, అదొక పిచ్చి అప్పట్లో, ఇప్పటి పిల్లలకి ఉద్యోగం మీద అంత పిచ్చి ఉందో లేదో నాకు తెలియదు.

అత్తయ్యగారు మా దగ్గరికి వచ్చేసింది ఆ రోజుల్లోనే. రాత్రి పడక మా ఇంట్లో, పగలు నేను ఆఫీస్‌కి వెళ్ళిపోతాను కనుక పార్కింగ్ స్థలం దాటి చిన్నకోడలి దగ్గర. వచ్చేటప్పుడు ఆవిడ వెంట తెచ్చుకున్నవి పూజ సామాను, మందులు నూరుకునే అరచేయంత నల్లరాతి కల్వం, పులితేన్పులు. అన్నం తిన్న కాసేపటికే రొమ్ము పట్టుకుని కూర్చునేవారు. మా వారి స్నేహితుడైన కడుపు డాక్టర్ గొంతులోంచి కెమెరా గొట్టం వేసి చూసి పుండు ఉందన్నాడు, మా కంపెనీ మందే రాశాడు. ఆ చీటీ చూసిన రోజు నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. ఎక్కడెక్కడి కడుపులకో పోయే మందు మా ఇంట్లోని కడుపుకే వచ్చింది, ఇంక అత్తయ్యగారి జబ్బు నా చేతుల్లోనే తగ్గుతుందనుకున్నాను. ఆవిడ మనసులో చిన్నకోడలు వేసుకున్న పీట పక్కన నాకూ ఒక పీట పడుతుందనుకున్నాను, ఉన్నమాట చెప్పాలంటే ఆశంతా దానిమీదే.

పడలేదు. రోజూ పొద్దున్నే గొట్టం ఆవిడ చేతిలో పెట్టి ఆఫీస్‌కి పరిగెత్తేదాన్ని, స్నానం పూజ కాకుండా మంచినీళ్ళయినా ముట్టరు కనుక మింగేదాకా నిలబడే తీరిక నాకుండేది కాదు. సాయంత్రం వచ్చేసరికి ఆవిడ మా తోడికోడలు చేసిన వాము మజ్జిగ గురించి చెబుతూ ఉండేవారు. వామూ జీలకర్రా వేయించి పొడి కొట్టి, చిటికెడు ఇంగువ కలిపి, పలచటి మజ్జిగలో ఇస్తుందట, తాగితే ప్రాణం లేచొస్తుందట. గుడికి వెళితే అక్కడా ఆ మజ్జిగ కథే. కడుపు బాగాలేని ఆంటీలందరూ మా తోడికోడలి చుట్టూ మూగేవారు. నేను పక్కనే ప్రసాదం పట్టుకుని నిలబడి ఉంటే, మీరేదో సైన్స్ ల్యాబ్‌లో కదూ చేస్తారు అని పలకరించి వదిలేసేవారు. వాము మీద నాకు పగ పట్టింది, ఇంట్లో వాము వేసే వంటలు మానేశాను, మా వారికి ఇష్టమైన వాము జంతికలతో సహా.

రెండోసారి గొంతులో కెమెరా గొట్టం వేసి చూసినప్పుడు పుండు అలాగే ఉంది. పైగా మనిషి చిక్కిపోయారు, రవికలు వదులయ్యాయి. డాక్టర్ నన్ను పక్కకి పిలిచి, మందు సరిగ్గా వేసుకుంటున్నారా అని అడిగాడు, నేనే నా చేత్తో ఇస్తున్నాను అన్నాను. అయితే ఇంకొన్నాళ్ళు చూసి, పుండు మానకపోతే ముక్క తీసి క్యాన్సరేమో పరీక్షకి పంపాలన్నాడు, ఈలోగా కావాలంటే వేరే కంపెనీ మందు మారుద్దామన్నాడు. కారు డ్రైవ్ చేస్తూ దారంతా భయపడ్డాను. భయం ఆవిడ గురించే, కానీ ఆ భయం అడుగున వేరే కంపెనీ అన్న మాట ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది, మనసు ఎంత నీచమైందో చూడండి.

తరవాత వారంలో ఒకరోజు మంచు పడుతుందని మధ్యాహ్నమే ఆఫీస్ వదిలిపెట్టేశారు. మా ఇంట్లో ఉండిపోయిన వాళ్ళ స్టీలు గిన్నె ఇచ్చేసి, అత్తయ్యగారిని తీసుకొద్దామని వాళ్ళ అపార్ట్‌మెంట్‌కి వెళ్ళాను. తలుపు దగ్గరగా వేసి ఉంది, తోసుకుని వెళ్ళాను. వంటింట్లో అత్తయ్యగారు పీట మీద కూర్చున్నారు. మా తోడికోడలు సింకు దగ్గర నిలబడి, నేను పొద్దున్న అత్తయ్యగారి చేతిలో పెట్టిన గొట్టాన్ని రెండు ముక్కలుగా విప్పి, గుళికలు కల్వంలో పోసి, ఖాళీ ముక్కలు కాగితంలో చుట్టి చెత్తబుట్టలో పడేసి, చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చి నూరడం మొదలుపెట్టింది. మెత్తగా నూరాక తేనె చుక్క వేసి రంగరించి అత్తయ్యగారి ముందు పెట్టింది. నేను నెలల తరబడి గాజు కడుపుల్లో కాపాడుకొచ్చిన తొడుగులు ఆ కల్వంలో పటపటమని చితికిపోవడం నా చెవులతో విన్నాను.

ఎందుకిలా అయిందో తరవాత తెలిసింది. ఎప్పుడో భోజనాల దగ్గర మా వారు వేళాకోళంగా, అమ్మా నీ పెద్దకోడలు పశువుల ఎముకలు మరగబెట్టిన డబ్బీల్లో మందు పోస్తుంది అన్నారట. అది నిజమే, ఆ రోజుల్లో గొట్టాలన్నీ అలాంటి జిలటిన్‌తోనే చేసేవాళ్ళు. ఆయన నవ్వి మర్చిపోయారు, ఉల్లిపాయ కూడా ముట్టని ఆవిడ మర్చిపోలేదు. నన్ను గుమ్మంలో చూసి మా తోడికోడలు నూరుతున్న రాయి వదిలేసింది.

"అత్తయ్యగారు ఆ గొట్టం నోట్లో పెట్టుకోలేరక్కా. అలాగని మీరు చేసిన మందు మానకూడదని నూరి పెడుతున్నాను."

"చెబితే చిన్నబుచ్చుకుంటావని నేనే వద్దన్నానే అమ్మాయ్," అన్నారు అత్తయ్యగారు. "నువ్వంత కష్టపడి చేసిన మందు పారేస్తానా? అయినా మందన్నాక నూరకుండా ఎలా ఒంటబడుతుంది?"

తప్పు పట్టడానికి ఏముంది చెప్పండి. వాళ్ళ ఇళ్ళల్లో మందంటే కల్వం, తేనె, నాలిక. శొంఠి నూరారు, కరక్కాయ నూరారు, అలాగే మా కంపెనీ గుళికల్నీ భక్తిగా నూరారు. నూరితే తొడుగు పోతుందని, తొడుగు పోతే మందు కడుపులోనే చచ్చిపోతుందని, తిండికి ముందు పరగడుపున గుళిక గుళికగానే లోపలికి పోవాలని నేను నిలబడే వివరించాను. మా తోడికోడలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అందరూ నాకు కోపం మందు వృథా అయినందుకు అనుకున్నారు. కాదు. ఆ వంటింట్లో వాళ్ళిద్దరికీ రోజూ ఒక రహస్యం ఉండేది, కల్వం చుట్టూ కూర్చుని గుసగుసలాడుకునే ఒక వేళ ఉండేది, అది నా మందు గురించే అయి కూడా అందులో నాకు చోటు లేకపోయింది. నాకు కడుపు మండింది దానికి.

అప్పటికి మొక్కల పీచుతో చేసిన ఖాళీ గొట్టాలు కొత్తగా వస్తున్నాయి, ప్రిన్స్‌టన్ వెళ్ళే దారిలో ఒక దుకాణంలో దొరికాయి. ప్రతి ఆదివారం మధ్యాహ్నం మా డైనింగ్ టేబుల్ మీద ఉతికిన తుండుగుడ్డ పరిచి, జిలటిన్ గొట్టాల్లోంచి గుళికలు జాగ్రత్తగా ఒంపి, ఒక్కటి కూడా చితక్కుండా పీచు గొట్టాల్లోకి మార్చేదాన్ని. వాటిని మింగమని అత్తయ్యగారిని ఒప్పించాలంటే మాత్రం మా తోడికోడలినే బతిమాలుకోవాల్సి వచ్చింది, ఆ మాట అడగడం నాకు వేపకషాయం తాగినట్టయింది. ఆవిడ ఒప్పించడమే కాదు, తానూ వచ్చి టేబుల్ దగ్గర కూర్చుంది. నా చేతులకంటే ఆవిడ చేతులు చురుకు, ఇద్దరం మాట్లాడుకోకుండా గొట్టాలు నింపుతుంటే అత్తయ్యగారు మడిబట్ట సర్దుకుని దూరంగా కూర్చుని, ఇది నిండలేదు అది వంకరగా ఉంది అని అజమాయిషీ చేసేవారు. ఆ ఆదివారాలు నాకు ఎంత ఇష్టంగా ఉండేవో అప్పుడు ఒప్పుకునేదాన్ని కాదు.

పుండు మానింది. డాక్టర్ ముక్క తీయాల్సిన పని లేదన్నాడు. ఆ శుక్రవారం గుడిలో అత్తయ్యగారు అందరికీ చెప్పిందేమిటంటే, చిన్నకోడలి వాము మజ్జిగ చలవ. నేను ప్రసాదం పులిహోర తింటున్నదాన్ని, మిరపకాయ కొరుక్కున్నాను.

ఆ తరవాత మా మరిదికి శాన్ రామన్ వైపు ఉద్యోగం వచ్చింది. మా తోడికోడలి పురిటికని అత్తయ్యగారు వెంట వెళ్ళారు, వెళ్ళినవారు అక్కడే ఉండిపోయారు, చిన్నదాని దగ్గర నాకు హాయిగా ఉంది అని ఫోన్‌లో చెప్పారు. నేను కాదనలేదు. ఏడాదికోసారి వెళ్ళి చూసొచ్చేదాన్ని. చివర్లో ఆవిడకి లివర్ దెబ్బతిని ఆసుపత్రిలో చేర్చినప్పుడు, మా వారు ముందు వెళ్ళారు, నేను సెలవు దొరికి బయలుదేరేలోపలే కబురొచ్చేసింది. ఒళ్ళు తుడిచి, పక్కన పడుకుని, ఆఖరి రోజులన్నీ చేసింది మా తోడికోడలే. దానికీ అసూయపడ్డాను. సేవ చేసే అదృష్టం ఆవిడకి దక్కిందని నలుగురూ అంటుంటే తల ఊపాను, మనసులో మాత్రం దక్కిందా లాక్కుందా అనుకున్నాను.

అందుకే మొన్న ఆదివారం మా అమ్మాయి వెళ్ళిపోయాక ఉండబట్టలేక శాన్ రామన్‌కి ఫోన్ చేశాను. కుశల ప్రశ్నలు అయ్యాక, నా కూతురికి మందులు చెప్పడానికి నేను చచ్చానా అన్నట్టే అడిగేశాను. అటువైపు ఆవిడ నవ్వింది. ఇన్నేళ్ళకి మొదటిసారి నా మాటకి నవ్వింది, సామెత నిజం చేస్తూ.

"నేనేం చెప్పానక్కా? మీరు ఆ రోజు మా వంటింట్లో నిలబడి చెప్పిందే చెప్పాను. గుళిక చితక్కూడదు, తిండికి ముందు వేసుకోవాలి అని. నాకు తెలిసింది అదొక్కటే, అది మీ మాటే."

ఆవిడే మళ్ళీ మొదలుపెట్టింది, ఈసారి గొంతులో నవ్వు లేదు.

"మీకో సంగతి చెప్పలేదు. హాస్పిటల్‌లో అత్తయ్యగారు మందు ముట్టేవారు కాదు. లివర్‌కని తియ్యటి సిరప్ ఇచ్చినా, మాత్ర ఇచ్చినా, మా పెద్దకోడలు చూసిందా దీన్ని అని అడిగేవారు. ఆవిడ చూడందే మింగనని నర్స్‌ల ముందు మొండికేసేవారు. రోజూ అబద్ధం చెప్పేదాన్ని. అక్క చూసింది అత్తయ్యా, ఇప్పుడే ఫోన్‌లో చెప్పింది అనేదాన్ని. అప్పుడు గానీ నోరు తెరిచేవారు కాదు. అన్నీ చేసేది నేను, నమ్మకం మాత్రం మీమీద. ఎంత కుళ్ళుకున్నానో మీకేం తెలుసు? అందుకే చెప్పలేదు ఇన్నాళ్ళూ."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు వంటింట్లోనే కూర్చున్నాను. సంతోషం కలిగింది, కాదనను, కళ్ళు తుడుచుకునేంత కలిగింది. అది చల్లారకముందే పాత బుద్ధి తల ఎత్తింది. ఆ మాట అత్తయ్యగారు నాతో ఒక్కసారి అనలేదు. నా గురించి అన్న మాట కూడా ఆవిడకే దక్కింది, ఇన్నేళ్ళూ మూటగట్టి దాచుకుంది. ఒకరి చేతి మజ్జిగ, ఒకరి చూపు, రెండూ కావాల్సి వచ్చాయి ఆ ముసలావిడకి. మేమిద్దరం ఒకరి వాటా చూసి ఒకరం ఏడుస్తూ దేశానికి ఈ చివర ఒకరం ఆ చివర ఒకరం ముసలివాళ్ళమైపోయాం.

ఇప్పుడు ఆ మందు కొనడానికి డాక్టర్ చీటీ కూడా అక్కర్లేదు. సబ్బుల పక్కన, టూత్‌పేస్ట్‌ల పక్కన అమ్ముతున్నారు, ఫోన్‌లో బుక్ చేస్తే గుమ్మంలో పెట్టి పోతున్నారు. పీచు గొట్టాలున్నవీ దొరుకుతున్నాయి, శాకాహారమని డబ్బా మీదే అచ్చు వేస్తున్నారు, ఆదివారం మధ్యాహ్నాలు తుండుగుడ్డ పరుచుకుని కూర్చోవాల్సిన పని ఎవరికీ లేదు. మంచిదే, మేం కష్టపడింది అందుకేగా. కాకపోతే ఎవరూ ఎవర్నీ అడగరు, ఎవరు చూశారని పట్టించుకోరు, అడిగించుకున్న వాళ్ళని చూసి కుళ్ళుకునే వాళ్ళూ ఉండరు.

మా అమ్మాయి తన సీసా బల్ల మీదే మర్చిపోయి వెళ్ళింది. కళ్ళజోడు పెట్టుకుని అక్షరం అక్షరం చదివాను, ఒక గొట్టం విప్పి గుళికలు అరచేతిలో పోసుకుని కిటికీ వెలుగులో చూశాను. తొడుగు నున్నగా, చక్కగా ఉంది, ఎవరు వేశారో గానీ పనితనం ఉన్నవాళ్ళే. సీసా ఇక్కడే ఉంది, చూశాను, మంచి మందే, వేసుకోవచ్చు అని దానికి మెసేజ్ పెట్టాను, అది అడక్కపోయినా. కాసేపటికి జవాబుగా పసుపుపచ్చ బొటనవేలి బొమ్మ ఒకటి వచ్చింది. అత్తయ్యగారైతే నోరు తెరిచేవారు.